దొర పద్దు నుంచి బ్యాంకు పద్దు దాకా: చదువు అప్పుల వడ్డీ చరిత్ర

వడ్డీ గురించి మనం బళ్లో లెక్కల పుస్తకంలో నేర్చుకుంటాం. అసలు ఇంత, రేటు ఇంత, కాలం ఇంత, మూడూ గుణించి నూటితో భాగించు అంటారు. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ లెక్కలో అప్పు తీసుకున్నవాడు మాలో మాదిగో, కమ్మో కాపో, బ్రాహ్మణుడో రాయాల్సిన గడి ఉండదు. మన దేశ చరిత్రలో మాత్రం ఆ గడి ఉండేది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం 142వ శ్లోకం చూడండి. నెలకు నూటికి రెండు, మూడు, నాలుగు, అయిదు చొప్పున వర్ణక్రమంలో వడ్డీ తీసుకోవచ్చు అన్నాడు మనువు. బ్రాహ్మణుడికి రెండు రూపాయల వడ్డీ, శూద్రుడికి అయిదు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి ఒకరికి 24 శాతం, ఇంకొకరికి 60 శాతం. వర్ణం బయట ఉన్న అంటరానివాడి పేరు ఆ పట్టికలోనే లేదు.

అదే అధ్యాయం 177వ శ్లోకం ఇంకా ముఖ్యమైంది. బాకీ తీర్చలేని వాడు అప్పిచ్చినవాడితో సమాన కులస్తుడో తక్కువ కులస్తుడో అయితే చాకిరీ చేసి తీర్చాలి. పై కులం వాడైతే మెల్లమెల్లగా కట్టుకోవచ్చు. ఇవాళ మనం వాయిదాలు అంటున్న సౌకర్యాన్ని మనువు పై కులానికి రాసిపెట్టాడు. కింది కులానికి ఒంటి కష్టం రాసిపెట్టాడు.

ఇవాళ ఏ బ్యాంకూ కులాన్ని బట్టి రేటు రాయదు. విద్యా రుణం తీసుకునే దళిత విద్యార్థికీ, పక్క బెంచీలో కూర్చున్న భూస్వామి కొడుక్కీ కాగితం మీద రేటు ఒకటే. అయినా ఇద్దరూ చివరికి కట్టే డబ్బు ఒకటి కాదు. వడ్డీ అంటే కాలానికి కట్టే ధర. కాలాన్ని ఎవరు కొనుక్కోగలరు, ఎవరికి కాలం సాగి సాగి మీద పడుతుంది అన్నది ఈ సమాజంలో కులం తేలుస్తోంది. అది ఎలా జరుగుతోందో చరిత్ర నుంచీ లెక్క నుంచీ చూపించడం ఈ వ్యాసం పని.

నాగు, జీతం, బాకీ

తెలంగాణ పల్లెల్లో నాగు అనే మాట పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది. ఎలినాటి రోజుల్లో దొర గాదె నుంచి బస్తా వడ్లు తెచ్చుకుంటే, పంట చేతికొచ్చాక బస్తన్నర కొలవాలి. కొలిచేది దొర కుంచమే, రాసేది దొర పద్దే. ఆరు నెలలు తిరక్కుండానే నూటికి యాభై. చదువురాని కూలివాడికి ఆ పద్దులో ఏముందో తెలిసే దారి లేదు. పెళ్లికో చావుకో తీసుకున్న డబ్బుకు మనిషే జీతం కుదిరేవాడు. ఏడాదంతా చేసిన చాకిరీ వడ్డీ కిందే జమ అయ్యేది, అసలు అట్లాగే ఉండేది. తండ్రి పోతే కొడుకు ఆ జీతంలోకి వెళ్లేవాడు. ఈ భగేలా ఒప్పందాలను నియంత్రిస్తున్నామని నిజాం ప్రభుత్వం 1936లో ఒక శాసనం తెచ్చింది. దేశమంతటికీ వెట్టి రద్దు చట్టం రావడానికి 1976 దాకా పట్టింది.

వడ్డీకి హద్దు ఉండాలన్న ఆలోచన ఈ దేశంలో లేకపోలేదు. దామ్‌దుపట్ అని ఒక పాత నియమం ఉంది. ఎప్పుడైనా సరే, వసూలు చేసే వడ్డీ బకాయి అసలును మించకూడదు అంటుంది. బొంబాయి రాష్ట్రంలో, కలకత్తా నగరంలో ఇంగ్లీషు కోర్టులు కూడా దాన్ని పాటించాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1938లో వచ్చిన రైతు రుణ విమోచన చట్టం ఆ దారిలోనే నడిచింది. అసలుకు రెండింతలు కట్టేసిన రైతు బాకీ పూర్తిగా తీరినట్టే అంది. చాలా మంచి చట్టం. కానీ ఆ చట్టం దృష్టిలో రైతు ఎవరు? భూమి మీద హక్కు ఉన్నవాడు. ఆ భూమిలో నాట్లేసి కోత కోసే మాల, మాదిగ కూలివాడు రైతు కాదు. కాబట్టి అతని బాకీ తీరలేదు. రుణ విమోచన చరిత్ర చదివేటప్పుడు మన పరిశోధకులు ఈ నిర్వచనం దగ్గర ఆగాలి. ఊరట ఎప్పుడు వచ్చినా ఆస్తి ఉన్నవాడి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

అంబేద్కర్ సంతకం పెట్టిన ఒప్పందం

చదువు కోసం బాకీపడ్డ దళితుల్లో మనకు బాగా తెలిసినవాడు అంబేద్కరే. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ల స్కాలర్‌షిప్ ఇచ్చాడు. దానికి బదులు చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేస్తానని ఆయన ఒప్పందం రాసిచ్చాడు. 1917లో ఆ మాట ప్రకారం బరోడా వెళ్లాడు. తర్వాత జరిగింది అందరికీ తెలిసిన కథే. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రం నుంచి కర్రలు పట్టుకుని వెళ్లగొట్టారు. కొద్ది రోజుల్లోనే ఉద్యోగం వదిలి బొంబాయి తిరిగి రావాల్సి వచ్చింది. ఒప్పందం నెరవేరలేదు గనక చదువుకు పెట్టిన సొమ్ము ఆయన మీద బాకీగా నిలిచింది. సంస్థానం దాన్ని తిరిగి కట్టమని అడిగింది కూడా.

దీన్ని మనం అవమానం కథగా చాలాసార్లు చెప్పుకున్నాం. అప్పు కథగా చెప్పుకోలేదు. ఒప్పందంలో షరతు న్యాయంగానే ఉంది. చదివించాం, పనిచేసి తీర్చు. కానీ పని చేయనివ్వని కులం గురించి ఆ కాగితంలో ఒక్క మాట లేదు. కులం చేసిన నేరానికి అప్పు కాగితం ఆయన్నే బాకీదారును చేసింది. విద్యా రుణంలో దళితుడి స్థితి మొత్తం ఈ ఒక్క ఘటనలో ఉంది. ఆ తర్వాత ఆయన సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్నాడు. కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం చేశాడు. స్నేహితుడు నావల్ భథేనా దగ్గర అప్పు చేశాడు. అట్లా 1920లో మళ్లీ లండన్ వెళ్లి చదువు పూర్తి చేశాడు.

అంత అనుభవించినవాడు 1942లో వైస్రాయ్ కార్యవర్గంలో సభ్యుడయ్యాక దళిత విద్యార్థులకు అప్పులు ఇప్పించమని అడగలేదు. అదే ఏడాది అక్టోబరులో ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డు కులాల పై చదువులకు, ముఖ్యంగా సైన్సు, సాంకేతిక చదువులకు, ప్రభుత్వమే ఖర్చు పెట్టాలని అడిగాడు. ఆ కృషి ఫలితంగా 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. మన ఇళ్లల్లో మొదటి తరం టీచర్లు, గుమస్తాలు, ఇంజనీర్లు చాలామంది ఆ స్కాలర్‌షిప్పు, సాంఘిక సంక్షేమ హాస్టలు అన్నం మీదే పైకి వచ్చారు. వాళ్ల తల మీద వడ్డీ లేదు.

స్కాలర్‌షిప్ వెనక్కి, అప్పు ముందుకి

స్వతంత్ర ప్రభుత్వం కూడా మొదట్లో చదువు అప్పును వ్యాపారంగా చూడలేదు. 1963లో పెట్టిన జాతీయ రుణ స్కాలర్‌షిప్పుల పథకంలో వడ్డీ లేదు. చదువయ్యాక టీచరు పనిలోకి వెళ్తే సర్వీసు చేసిన ప్రతి ఏడాదికీ బాకీలో పదో వంతు మాఫీ. అంటే చదువు వల్ల సమాజానికీ లాభం ఉందని రాజ్యం అప్పట్లో లెక్కలోనే ఒప్పుకుంది.

1991 తర్వాత గాలి మారింది. ఉన్నత విద్య నిధుల మీద యుజిసి వేసిన కమిటీకి శ్రీకాకుళం జిల్లావాడూ దళితుడూ అయిన జస్టిస్ పున్నయ్య అధ్యక్షుడు. విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో 15 శాతం సొంతంగా రాబట్టుకోవాలి, పదేళ్లలో దాన్ని 25 శాతానికి పెంచాలి అని 1993లో ఆ కమిటీ చెప్పింది. అదే ఏడాది మన రాష్ట్రం పేరు మీదే వచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో ఉచిత సీట్లు, డబ్బు సీట్లు అని రెండు దొంతరలు పెట్టింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ ఏర్పాటును తీసేసి యాజమాన్యాల చేతికి ఇంకా స్వేచ్ఛ ఇచ్చింది. ఈ రెండింటి మధ్యలో, 2000లో, ముకేశ్ అంబానీ, కుమారమంగళం బిర్లా ప్రధానమంత్రి మండలికి ఒక నివేదిక ఇచ్చారు. ఉన్నత విద్యలో ఖర్చు వాడుకునేవాడే భరించాలి, లేనివాడికి అప్పులూ గ్రాంట్లూ ఇవ్వాలి అన్నది దాని సారం. మరుసటి ఏడాది, 2001లో, బ్యాంకుల సంఘం నమూనా విద్యా రుణ పథకం వచ్చింది. ఫీజు పెరగడం, అప్పు దొరకడం ఒకదాని వెంట ఒకటి నడిచాయి. అప్పు దొరుకుతుంది గనక ఫీజు పెంచొచ్చు, ఫీజు పెరిగింది గనక అప్పు తప్పదు.

లెక్క ఇదీ

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. క్లాసులో నల్లబల్ల మీద వేసి చూపించడానికి పనికొస్తుంది. నాలుగేళ్ల ఇంజనీరింగు కోర్సు. ఏటా మొదట్లో లక్ష చొప్పున మొత్తం 4 లక్షల అప్పు. రేటు 12 శాతం అనుకుందాం. చదివినన్నాళ్లూ, ఆ తర్వాత ఒక ఏడాదీ వాయిదాలు కట్టనక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. చాలామంది విద్యార్థులు ఈ అయిదేళ్లూ వడ్డీ ఉండదనుకుంటారు. అది నిజం కాదు. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు.

మొదటి లక్ష మీద అయిదేళ్ల వడ్డీ 60,000. రెండో లక్ష మీద నాలుగేళ్లకు 48,000. మూడోదాని మీద 36,000, నాలుగోదాని మీద 24,000. మొత్తం 1,68,000. ఈ అయిదేళ్లూ బారువడ్డీయే. అసలు కిటుకు అయిదో ఏడాది చివర ఉంది. ఆ 1,68,000 తీసుకెళ్లి అసలులో కలుపుతారు. తీసుకున్నది 4,00,000 అయినా ఆ రోజు నుంచి అసలు 5,68,000. ఇక దాని మీద వడ్డీ నడుస్తుంది. బారువడ్డీగా పుట్టింది చక్రవడ్డీగా పెరుగుతుంది.

ఈ 5,68,000 ఏడేళ్లలో, అంటే 84 వాయిదాల్లో తీర్చాలంటే నెలకు సుమారు 10,027 రూపాయలు కట్టాలి. మొదటి వాయిదాలో 5,680 వడ్డీకే పోతుంది, 4,347 మాత్రమే అసలుకు చేరుతుంది. ఏడాది పాటు 1,20,000 పైన కట్టి పాస్‌బుక్ చూస్తే బాకీ తగ్గింది 55,000 చిల్లర. పాత జీతగాడు ఏడాదంతా చేసిన చాకిరీ వడ్డీ కిందే పోయిందని మన తాతలు చెప్పింది గుర్తు రావడం సహజం. తేడా ఏమిటంటే ఇక్కడ అసలు నెమ్మదిగానైనా కరుగుతుంది, పద్దు మన చేతికి వస్తుంది. ఏడేళ్లు అయ్యేసరికి మొత్తం కట్టేది సుమారు 8,42,000. తీసుకున్నది 4 లక్షలు, వడ్డీ అంతకు మించి.

ఇప్పుడు పక్క బెంచీ కుర్రాడిని చూద్దాం. రేటు అదే 12 శాతం. కానీ వాళ్ల నాన్న చదువు నడుస్తున్నప్పుడే ఎప్పటికప్పుడు వడ్డీ కట్టేశాడు. ఆ కుర్రాడికి అయిదేళ్ల తర్వాత కూడా అసలు 4,00,000 మాత్రమే. వాయిదా నెలకు సుమారు 7,061. ముందు కట్టిన 1,68,000తో కలిపి మొత్తం 7,61,000. మన పిల్లవాడి కంటే 81,000 తక్కువ. ఆ 81,000 వడ్డీ మీద పడ్డ వడ్డీ. అది తెలివికి సంబంధించిన తేడా కాదు, కష్టానికి సంబంధించిన తేడా కాదు. ఇంట్లో నెలనెలా చేతిలో డబ్బు ఆడటం, ఆడకపోవడం అనే తేడా. పైగా అట్లా ముందే వడ్డీ కట్టేవాళ్లకు నమూనా పథకం ఒక శాతం రేటు రాయితీ కూడా ఇవ్వొచ్చు అంది. ఉన్నవాడికి రేటు తగ్గింది. మనువు పట్టిక చెరిపేసినా దాని నీడ ఇక్కడ కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆదాయపు పన్ను చట్టంలోని 80-ఇ కింద విద్యా రుణం వడ్డీని ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. పాత పన్ను పద్ధతిలో పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాడికే అది పనికొస్తుంది. ఉపాధి హామీ కూలి మీద బతికే ఇంటికి ఆ మినహాయింపుతో ఏం పని?

కాలం ఎవరిది?

పై లెక్కలో చదువు సరిగ్గా నాలుగేళ్లలో అయిపోయింది, ఏడాదిలో ఉద్యోగం దొరికింది అనుకున్నాం. మన పిల్లల విషయంలో ఈ రెండూ ఎంతమందికి జరుగుతాయి? తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి రెండేళ్లు తడబడినవాడికి సబ్జెక్టులు మిగులుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే ఉద్యోగం చేతికి రాదు. ఇంటర్వ్యూలో ఇంటిపేరు, ఊరిపేరు అడిగాక తలుపు మూసుకుంటుంది. ప్రతి ఆలస్యమూ బ్యాంకు పద్దులో వడ్డీగా నమోదవుతుంది. మారటోరియం అయిపోయాక ఒక్క ఏడాది కట్టలేకపోతే మన లెక్కలోని 5,68,000 కాస్తా సుమారు 6,40,000 అవుతుంది. జరిమానాలు దీనికి అదనం. 90 రోజులు వాయిదా దాటితే అది మొండి బాకీ. సిబిల్ రికార్డు పాడై ఇంకెక్కడా అప్పు పుట్టదు. బరోడాలో ఇల్లు దొరకనందుకు అంబేద్కర్ బాకీదారు అయినట్టే, కులం చేసిన ఆలస్యానికి ఇక్కడ విద్యార్థి బాకీదారు అవుతున్నాడు.

రాజ్యమే ఆలస్యం చేసినప్పుడు ఏమవుతుందో 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో చూశాం. రోహిత్ వేముల రాసిపెట్టిన చివరి ఉత్తరంలో తనకు ఏడు నెలల ఫెలోషిప్ 1,75,000 రావాల్సి ఉందనీ, ఒక స్నేహితుడికి సుమారు 40,000 బాకీ ఉందనీ, అది తీర్చమనీ ఉంది. రాజ్యం అతనికి బాకీ ఉంది, అతను స్నేహితుడికి బాకీ ఉన్నాడు. రాజ్యం బాకీకి వడ్డీ లేదు, గడువు లేదు, సిబిల్ లేదు.

తాకట్టు సంగతి కూడా చూడాలి. 2001 పథకంలో 4 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. 2015లో వచ్చిన హామీ నిధితో ఈ హద్దు 7.5 లక్షలకు పెరిగింది. ఆ పైన ఆస్తి చూపించాలి. మన చేతుల్లో ఉన్న భూమి చాలావరకు డి-ఫారం పట్టా భూమి. 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2023లో కొంత సడలించింది. అమ్మరాని భూమికి తాకట్టు విలువ ఏపాటిది? అందుకే మనవాడు బ్యాంకు ఇవ్వని మిగతా సొమ్ముకు ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి వెళ్తాడు. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఒకే చదువుకు బ్యాంకు పద్దు ఒకటి, ప్రోనోటు ఒకటి.

ప్రైవేటు ఫైనాన్సు వాళ్ల దగ్గర ఇంకో మోసం ఉంటుంది. 12 శాతమే అంటారు గానీ ఫ్లాట్ రేటు అని చెప్పరు. లక్ష రూపాయలకు మూడేళ్లకు 36,000 వడ్డీ ముందే కలిపి 36 వాయిదాలు చేస్తారు. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే నడుస్తుంది. తగ్గే బాకీ మీద లెక్కగడితే ఆ రేటు 21 శాతం దాటుతుంది.

కోర్టుకు పోతే?

వడ్డీ మితిమీరిందని కోర్టులో మొరపెట్టుకోవడానికి 1918 నాటి అధిక వడ్డీల చట్టం ఉండేది. 1984లో బ్యాంకింగు చట్టంలో 21-ఎ సెక్షను చేర్చి, బ్యాంకు వడ్డీ ఎక్కువన్న కారణం మీద కోర్టులు ఆ లావాదేవీని తిరగతోడకూడదన్నారు. వడ్డీని అసలులో కలిపే పద్ధతిని 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. దామ్‌దుపట్ హద్దు బ్యాంకుల విషయంలో మనకు అక్కరకు రాదు. కాబట్టి దీని పరిష్కారం కోర్టు గదిలో కంటే విధానంలోనే వెతకాలి.

విధానంలో చేయగలిగింది ఉందని కూడా లెక్కే చెబుతుంది. 2009-10 నుంచి కేంద్రం ఒక పథకం నడిపింది. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలు వృత్తివిద్య, సాంకేతిక విద్య చదివితే మారటోరియం వడ్డీని ప్రభుత్వమే కట్టింది. మన ఉదాహరణలో ప్రభుత్వం కట్టేది 1,68,000. విద్యార్థికి మిగిలేది 2,49,000. ఎందుకంటే ఆ వడ్డీ అసలులో కలవదు. ప్రభుత్వం ఆ సొమ్ము సకాలంలో కట్టకపోతే, తెలియక దరఖాస్తు పెట్టకపోతే, అంతా పోయినట్టే. చదువు మధ్యలో ఆగినవాడికి, అనారోగ్యం లాంటి కారణం ఉంటే తప్ప, ఆ రాయితీ లేదు. అసలు ఎక్కువ అవసరం ఉన్నవాడు వాడే. షెడ్యూల్డు కులాల ఆర్థిక సంస్థ చాలాకాలం 4 శాతానికి, ఆడపిల్లలకు 3.5 శాతానికి చదువు అప్పులు ఇచ్చింది. 4 శాతమైతే మన ఉదాహరణలో వాయిదా నెలకు 6,233, మొత్తం వడ్డీ 1,24,000 లోపే. 12 శాతం దగ్గర అదే 4,42,000. ఇంత తేడా తెచ్చే పథకం గురించి మన వాడల్లో ఎందరికి తెలుసు?

మన ముందున్న పని

అప్పు తీసుకోవద్దని ఎవరికీ చెప్పలేం. తలుపు ఒకటే తెరిచి ఉన్నప్పుడు దానిలోంచే వెళ్తారు. కానీ సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగడం మన విద్యార్థి సంఘాలు, టీచర్లు నేర్పాలి. రేటు స్థిరమా, మారేదా? మారటోరియం ఎప్పుడు ముగుస్తుంది? వడ్డీ అసలులో ఏ తేదీన కలుస్తుంది? వడ్డీ రాయితీకి దరఖాస్తు ఎవరు, ఎప్పుడు పెట్టాలి? చదివేటప్పుడు నెలకు రెండు మూడు వందలైనా వడ్డీ కింద కట్టగలిగితే అది చివర్లో అంతకు మించి మిగులుస్తుందని కూడా చెప్పాలి.

ఇక ఉద్యమం అడగాల్సినవి వేరే ఉన్నాయి. చదువు అప్పుల్లో వడ్డీ ఎంత పెరిగినా అసలును మించకూడదన్న హద్దు కావాలి. ఉద్యోగం రానంతకాలం వడ్డీ అసలులో కలపకూడదు. స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే ప్రభుత్వం విద్యార్థికి వడ్డీ కట్టాలి. అన్నింటికంటే ముందు, 1944లో మొదలైన హక్కు తిరిగి నిలబడాలి. 2020 డిసెంబరులో కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల్లో 60 శాతం తానే భరిస్తానని ఒప్పుకుంది. దానికి దళిత సంఘాల ఒత్తిడి, పోరాటం కారణం. 40 శాతం రాష్ట్రం వాటా. అది ఏ నెలలో విద్యార్థి ఖాతాలో పడుతోందో జిల్లాల వారీగా లెక్కలు తీయడం మన పరిశోధకుల పని. దొర పద్దు మన తాతలు చదవలేకపోయారు. బ్యాంకు పద్దు, ప్రభుత్వం పద్దు రెండూ చదవగలిగిన తరం ఇప్పుడు మన దగ్గర ఉంది.